ఇస్త్రీ చెదరని జెర్సీ

“ఈసారి మోకాలు పోతుంది, చూస్తూ ఉండు. నా నోటితో నేను అనకూడదు గానీ పోతుంది,” అంది టైలరమ్మ, తడివేలితో ఇస్త్రీపెట్టె అడుగును తాకి వేడి చూస్తూ.

అప్పటికి ఏమీ కాలేదు. ఉదయం ఆరు కూడా కాలేదు. ఆమె చెప్పే మోకాలు పక్కగదిలో నిద్రపోతోంది. మంచం పొడవు చాలక దాని చివర ఒక పీట వేసి, పీట మీద ఆమె స్వయంగా కుట్టిన దిండు పెట్టింది. కొడుకు పాదాలు ఆ దిండు మీద ఉంటాయి. మోకాళ్లు మంచం పట్టె మీదికి వస్తాయి.

“మిల్లులో ఓవర్‌టైం ఎత్తేశారు గానీ, దిగులుకి మాత్రం నువ్వు ఓవర్‌టైం చేస్తూనే ఉన్నావమ్మా,” అంది కూతురు జడ వేసుకుంటూ. మందుల షాపులో పని ఆమెది. ఏడింటికల్లా షట్టరు ఎత్తాలి.

“నవ్వవే, నవ్వు. ఆరున్నర అడుగుల మనిషి పైకెగిరి పడితే ఎంత ఎత్తు నుంచి పడతాడో ఎప్పుడైనా అనుకున్నావా? మనం పడితే గచ్చు మీద పడతాం. వాడు పడితే మేడ మీంచి పడ్డట్టే.”

“అయితే కింద వల కట్టిద్దామా?”

“వల సంగతి తర్వాత. మోకాళ్లకి రాసే ఆ ట్యూబు ఇంకోటి పట్రా.”

“పోయిన నెల తెచ్చినదానికి మూతే తియ్యలేదు వాడు. నువ్వు రాసుకో, నీ గుండెకి.”

టైలరమ్మ కొడుకు జెర్సీని బల్ల మీద పరిచింది. వేడి ఎక్కువైతే ఆ బట్ట ముడుచుకుపోతుంది, తక్కువైతే మడత నిలవదు. పైన పాత పంచెముక్క ఒకటి వేసి, ఊపిరి బిగబట్టి, ఒక్క లాగుడు లాగింది. వీపు మీది పద్నాలుగో నంబరులో ఒకటికీ నాలుగుకీ మధ్యగా గీత గీసినట్టు మడత పడింది. మిల్లులో పనివాళ్ల బట్టలూ, మిల్లు బాస్కెట్‌బాల్ టీము బట్టలూ అన్నీ కుట్టేది, అతికేది, ఇస్త్రీ చేసేది ఆమే. పన్నెండు జెర్సీల్లో పదకొండింటిని మిల్లులోని కుట్టుగదిలోనే ఇస్త్రీ చేస్తుంది. పద్నాలుగో నంబరును మాత్రం ఇంటికి తెచ్చుకుంటుంది. ఆ ఒక్కదాని మీద చెయ్యి వేసినప్పుడు లోపల ఏదో గొణుక్కుంటుంది. దేవుడికి చెప్పుకోవడమో, దేవుణ్ణి తిట్టుకోవడమో ఆమెకే తెలియదు.

ఆ బుధవారం సాయంత్రం మ్యాచ్ అయ్యాక కొడుకు గుమ్మం దగ్గర తల వంచి లోపలికొచ్చాడు. టీములో వాణ్ణి చిన్నోడంటారు. అక్కడున్న ఐదుగురు పొడుగువాళ్లలో వాడే ఒక వేలెడు తక్కువ.

“ఆడావా?”

“ఊఁ.”

“పడ్డావా?”

“లేదమ్మా.”

జెర్సీ నీళ్లోడుతోంది. టైలరమ్మ దాన్ని దండెం మీద ఆరేసింది. ఆరేస్తూనే చూసింది. చెమట పట్టిన బట్ట చంక దగ్గర, మెడ దగ్గర ముందు తడుస్తుంది, ఆరాక తెల్లటి ఉప్పుగీత మిగులుతుంది. ఇది పైనుంచి కింది దాకా ఒకేలా తడిసింది. కుళాయి వాసన వేస్తోంది. వీపు మీద ఆమె లాగిన మడత, ఆ తడిలోనూ, పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది.

అది ఏడోసారి. ఏడు మ్యాచ్‌లకీ ఏడుసార్లు వాడు జెర్సీని కుళాయి కింద పెట్టి తడిపి తెచ్చాడు. ఏడుసార్లూ ఆమె ఏమీ ఎరగనట్టు ఆరేసింది. నిజం చెప్పాలంటే ఆ తడిబట్ట చూసిన ప్రతిసారీ ఆమె గుండె మీంచి ఒక బరువు దిగేది. ఆడలేదు, అంటే పడలేదు. ఆ అబద్ధాన్ని కూడా బట్టతో పాటే మడతపెట్టి అలమరలో దాచేసేది.

కొడుకు మంచం మీద కూర్చుని రెండు చేతులతో మోకాళ్లు రుద్దుకుంటున్నాడు.

“నొప్పా నాన్నా?”

వాడు పంట్లాం కిందికి లాక్కున్నాడు. ఆ ప్రశ్నకి వాడు ఎన్నడూ జవాబు చెప్పలేదు.

మర్నాడు ఆమె కుట్టుగదిలో యంత్రం ముందు కూర్చుని పనివాళ్ల చొక్కాలకి జేబులు వేస్తుంటే గదిలో వెలుగు తగ్గింది. తలెత్తి చూస్తే గుమ్మంలో టీమువాళ్లు నిచ్చెన అని పిలిచే మనిషి. ఐదుగురిలోకీ పెద్దవాడు, అందరికంటే పొడుగు, గడ్డంలో తెల్లవెంట్రుకలు వచ్చేశాయి.

“టైలరమ్మా, ఈ నిక్కరు నడుం దగ్గర కాస్త వదులు చేసిపెట్టండి. పొట్ట వస్తోంది.”

“ఆటగాళ్లకి పొట్టేంటి నాయనా?”

“ఆడితేగా!” అని పకపకా నవ్వి, చొక్కాల మూట మీద కూర్చున్నాడు. కూర్చున్నా ఆమె కంటే ఎత్తే. “ఏ టీముకైనా ఒక్క పొడుగువాడు దొరకడమే గగనం. మన మిల్లుకి ఐదుగురు దొరికాం. రింగు కింద చోటేమో ఇద్దరికి. ఇద్దరాడితే ముగ్గురికి ఏడుపు. కోచ్ సార్ రోజూ బోర్డు మీద మా పేర్లు రాస్తాడు, పక్కన నిమిషాలు రాస్తాడు, చెరిపేస్తాడు, మళ్లీ రాస్తాడు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనని ఊరికే అన్నారా? నా సంగతి వదిలెయ్యండి. నాకు ముప్ఫై నాలుగు. కూర్చున్నా ఒకటే, పడుకున్నా ఒకటే. మీవాడికి ఇరవై మూడమ్మా. ఏడు మ్యాచ్‌లు, ఒక్క నిమిషం లేదు. ఎంపికలప్పుడు కూడా నాలుగు రోజులు కూర్చోబెట్టి ఐదో రోజు పిలిచాడు.”

టైలరమ్మ కుట్టులోంచి చూపు తీయలేదు. “ఆడకపోతే ఏం, దెబ్బలు తప్పాయి,” అంది.

నిచ్చెన నవ్వు ఆపాడు. “మీకు చెప్పలేదా వాడు? పోర్టు టీము వాళ్లు వాణ్ణి అడుగుతున్నారు. వాళ్లకి పొడుగువాడు ఒక్కడూ లేడు. వెళ్తే మొదటిరోజు నుంచీ వాడే ఆడతాడు. కావలసిందల్లా మన సార్ సంతకం పెట్టిన రిలీజ్ లెటర్. టీములు మారే గడువు ఈ శనివారం సాయంత్రం దాకానే. అది దాటితే మళ్లీ ఏడాది దాకా ఇక్కడే. మూడుసార్లు అడిగాడు పాపం. సార్ తలూపుతాడు, సంతకం పెట్టడు.”

“ఎందుకట?”

“అటు వెళ్తే మన ఎదురుగా నిలబడతాడుగా! గడ్డివాము దగ్గర కుక్క సామెత. తను మెయ్యదు, ఆవుని మెయ్యనివ్వదు.” గొంతు తగ్గించాడు. “ఒట్టేసి చెప్తున్నా అమ్మా, మా ఐదుగురిలోకీ అసలైన చెయ్యి వాడిది. ప్రాక్టీసులో వాడి చేతుల మీంచి బంతి వెయ్యడం ఎవడివల్లా కావట్లేదు. రోజూ వాడితో తలపడే ఆ ఇద్దరూ బయట నెగ్గుకొస్తున్నారు. కత్తి నూరుకునే రాయి మీవాడు. నూరుకున్నాక రాయినెవరైనా వెంట తీసుకెళ్తారా? మీరొక్క మాట అడగండి. మీరంటే సార్‌కి గౌరవం.”

అతను వెళ్లాక జేబు సరిగ్గా పడలేదని చూసుకుంది. కుట్టు విప్పి మళ్లీ వేసింది. మళ్లీ వంకర పోయింది. పోర్టు ఊరికి బస్సులో పగలంతా ప్రయాణం. అక్కడ వాడు పడితే ఎవరు లేపుతారు? పీట ఎవరు వేస్తారు మంచానికి? ఉప్పుగాలి, కొత్త మనుషులు, జారే గచ్చులు. ఆమె మనసు ఒక్క పూటలో వాణ్ణి మూడు ఆసుపత్రుల్లో చేర్చి వచ్చింది. ఆ మూడో ఆసుపత్రి దగ్గర ఎందుకో ఆ ఏడు తడి జెర్సీలు గుర్తొచ్చాయి. మ్యాచ్ అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, ఆరడుగులు దాటిన మనిషి కుళాయి కింద వంగి, ఒక్క చెమటచుక్క లేని బట్టని తడుపుకోవడం ఆమెకి కళ్లకి కట్టింది. ఏడుసార్లు. అమ్మ చూసి సంతోషిస్తుందని కాబోలు. తను నిజంగానే సంతోషించింది. జేబు పక్కన పెట్టేసింది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే కోచ్ గదికి వెళ్లింది. కోచ్ పొట్టి మనిషి. బంతులకి గాలి కొడుతున్నాడు. సూది పెదాల మధ్య తడిపి, బంతి రంధ్రంలో గుచ్చి, పంపు నాలుగుసార్లు నొక్కి, బంతిని భుజం ఎత్తు నుంచి వదిలి, నడుం దాకా లేచిందో లేదో చూస్తున్నాడు. గోడ మీద నల్లబోర్డు. రాసీ చెరిపీ, రాసీ చెరిపీ బూడిద పూసినట్టుంది. దాని మీద ఐదుగురి పేర్లకి ఐదు గీతలు.

“రండి టైలరమ్మా. జెర్సీల సంగతా?”

“కాదు సార్. మావాడి సంగతి. ఆ కాగితం మీద సంతకం పెట్టండి సార్. వాణ్ణి పోనివ్వండి.”

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందంటే ఆమెకే నమ్మకం కలగలేదు. కోచ్ కూడా పంపు ఆపాడు.

“మీరా అడుగుతున్నది? సరే, కూర్చోండి. మీ దగ్గర దాపరికం ఎందుకు? వాడు మంచి ఆటగాడు. ఆ ఇద్దరికీ వాడు రోజూ కావాలి. ఇక్కడ కూర్చుంటే నాకు నష్టం లేదు. అక్కడ నిలబడితే నాకు నష్టం. అంతే.”

“మరి వాడి నష్టమో సార్?”

కోచ్ బంతి వదిలాడు. అది మోకాలి దాకా లేచి ఆగింది. మళ్లీ సూది గుచ్చాడు. “పోనీ నేను సంతకం పెట్టాననుకోండి. పోర్టువాళ్లు తీసుకోవద్దూ? వాళ్ల టీము చూసుకునే ఆయన నిన్న ఫోన్ చేసి అడిగాడు, అంత మంచివాడైతే ఏడు మ్యాచ్‌లు ఎందుకు కూర్చోబెట్టారని. మోకాళ్లు బాగాలేవని చెప్పాను.”

“ఏమైంది సార్ వాడి మోకాళ్లకి?” అంది ఆమె.

కోచ్ ఆమె వంక వింతగా చూశాడు. సొరుగు లాగి రిజిస్టరు తీసి, మొదటి పేజీ తిప్పి, ఆమె వైపు జరిపాడు. ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. ‘పద్నాలుగు. మోకాళ్ల నొప్పి. తల్లి చెప్పింది.’

సీజను మొదట్లో కోచ్‌కి కొత్త బట్టల కోసం కొలతలు తీసుకుంటూ, టేపు ఆయన భుజం మీద ఉండగా, తనే అంది. ఎంపికల వారమంతా వాడు ఇంటికొచ్చి మోకాళ్లు రుద్దుకుంటుంటే చూడలేక అంది. “వాడికి సాయంత్రాలు మోకాళ్లు నొప్పి సార్, నా బిడ్డని కాస్త చూసి ఆడించండి” అని. ఆయన ఊఁ కొట్టాడు. ఛాతీ ముప్ఫై ఆరు అని ఆమె రాసుకుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆమె మాట సొరుగు దాకా వెళ్లి ఆగింది.

“అది తల్లి భయం సార్. డాక్టరు మాట కాదు.”

“నాకు తెలుసమ్మా. కానీ ఐదుగురిలో ఒకణ్ణి పూర్తిగా కూర్చోబెట్టాలంటే నాకొక కారణం కావాలి. లేకపోతే ఒకడి తరపున మేనేజరు వస్తాడు, ఒకడి తరపున యూనియన్ వస్తుంది. కారణం కోసం నేను వెతుక్కోలేదు. మీరే తెచ్చి నా చేతిలో పెట్టారు.” కోపంగా అనలేదు. అలిసిపోయిన మనిషి అన్నట్టు అన్నాడు.

“కొట్టెయ్యండి సార్ ఆ ముక్క. కావాలంటే నేనే సంతకం పెడతాను, అబద్ధం చెప్పానని.”

ఆయన రిజిస్టరు మూశాడు. బంతికి ఇంకో రెండుసార్లు గాలి కొట్టి వదిలాడు. ఈసారి నడుం దాకా లేచింది. “రేపు మ్యాచ్‌కి ఆ పోర్టాయన వస్తున్నాడు,” అన్నాడు చివరికి. “మనం బాగా ముందుంటే ఆఖర్లో రెండు నిమిషాలు మీవాణ్ణి దింపుతాను. ఆయన కళ్లతో ఆయనే చూసుకుంటాడు. బాగున్నాడంటే సంతకం పెడతాను. ఇదీ మీ మొహం చూసి.”

శనివారం ఆమె జీవితంలో మొదటిసారి మ్యాచ్ చూడటానికి వెళ్లింది. కూతురు షాపు నుంచి గంట ముందు వచ్చేసి పక్కన కూర్చుంది. “కళ్లు మూసుకోకు. మూసుకుంటే టికెట్టు దండగ,” అంది. ముందు వరసలో ఒక బట్టతలాయన చిన్న పుస్తకం, పెన్ను పెట్టుకుని కూర్చున్నాడు. పోర్టాయన అతనేనని నిచ్చెన దూరం నుంచే కళ్లతో చూపించాడు.

బంతి శబ్దం ఆమెకి ఛాతీలో మోగింది. ఎవరు ఎవర్ని గుద్దినా ఒళ్లు ఝల్లుమంది. కాసేపటికి ఆట వదిలేసి కొడుకునే చూడటం మొదలుపెట్టింది. ఆటగాళ్లకి వేసిన బెంచీ చిన్నపిల్లల బడిలోంచి తెచ్చినట్టుంది, పిక్కల ఎత్తు కూడా లేదు. దాని మీద వాడు ముడుచుకుని ఉన్నాడు, మోకాళ్లు గడ్డం దాకా వచ్చి. కాళ్లు చాపితే గీత మీద పడతాయని మెడలో ఈల వేసుకున్న పంతులు లాంటి మనిషి ఒకడు వచ్చి వెనక్కి నెట్టించాడు. గంటన్నర వాడు అలాగే ఉన్నాడు. పద్నాలుగు మీది మడత అలాగే ఉంది.

మిల్లు ఇరవై ఆరు పాయింట్లు ముందుంది. గడియారంలో రెండు నిమిషాలు మిగిలాయి. కోచ్ లేచాడు. బెంచీ వెంట నడిచి వచ్చి, చిన్నోడి భుజం మీద చెయ్యి వేశాడు.

“అమ్మా, చూడు, చూడు!” అంది కూతురు.

టైలరమ్మ చూసింది. వాడు పైకోటు తీశాడు. లేచాడు. లేవడంతోనే ఎడమకాలు నిలబడలేదు. ఒక్క అడుగు పక్కకి తూలి, చేత్తో మోకాలు పట్టుకుని, మళ్లీ నిటారుగా నిలబడ్డాడు. అంతే. కన్ను మూసి తెరిచేంతసేపు. అప్పటికి ఆట ఆగి ఉంది, జనం ఊరికే ఉన్నారు. ఆ నిశ్శబ్దంలో ఒక్క గొంతు లేచింది.

“అయ్యో నా బిడ్డ మోకాలు!”

అందరూ వెనక్కి తిరిగారు. ఆ అరుపు తనదేనని ఆమెకి తెలిసేసరికి కోచ్ ఆమెనే చూస్తున్నాడు. ఒక క్షణం చూసి, చిన్నోడి వైపు తిరిగి, తన మోకాలి మీద రెండు వేళ్లతో తట్టి, తల అడ్డంగా ఊపాడు. కూర్చోమన్నాడు. వాడి బదులు నిచ్చెనని పంపాడు. నిచ్చెన కోర్టులోకి వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి చూశాడు. ముందు వరసలో బట్టతలాయన పెన్నుకి మూత పెట్టి, పుస్తకం జేబులో వేసుకుని, బస్సుకి టైమవుతోందన్నట్టు వాచీ చూసుకున్నాడు.

ఇంటికి ముగ్గురూ నడిచే వచ్చారు. ఆ సాయంత్రం వాడు జెర్సీ తడపలేదు. పొడిగానే తెచ్చి తల్లి చేతికిచ్చాడు.

భోజనాల దగ్గర ఆమె అంతా చెప్పేసింది. కొలతలు తీసుకున్న రోజు, రిజిస్టరు, తల్లి చెప్పింది అన్న మాట, కోచ్ ఇచ్చిన రెండు నిమిషాలు. ఏడవకుండా చెప్పింది, ఏడిస్తే వాడు ఓదార్చాల్సి వస్తుందని. “నేను నోరు మూసుకుని ఉంటే నువ్వు ఈపాటికి బస్సులో ఉండేవాడివి,” అంది. “తిట్టరా. ఒక్క మాట తిట్టు.”

వాడు తిట్టలేదు. కంచంలోది పూర్తిగా తిన్నాడు, మెతుకు వదలకుండా. కంచం తనే కడిగాడు. తల్లి కంచం కూడా కడిగాడు. మంచం ఎక్కి, పాదాలు పీట మీద పెట్టి, గోడ వైపు తిరిగాడు. కూతురు ఏదో హాస్యమాడబోయి మధ్యలో మానేసింది.

తెల్లారింది. ఆదివారం. గడువు నిన్నటితో అయిపోయింది. రేపటి ప్రాక్టీసుకి ఐదుగురూ రావాలని మిల్లు నుంచి కబురు వచ్చింది. వాడు విన్నాడు. మంచం మీద లేచి కూర్చుని పీట వంకే చూస్తున్నాడు. కూతురు సరుకులకి బజారుకి వెళ్లింది. టైలరమ్మ ఇస్త్రీపెట్టె వేడి పెట్టి, జెర్సీ పరిచి, నలగని దాన్ని మళ్లీ ఏం ఇస్త్రీ చెయ్యాలో తెలియక దాని ముందు నిలబడింది. వాడి చేతులు మళ్లీ మోకాళ్ల మీదికి వెళ్లాయి. రుద్దుకుంటున్నాడు.

“ఇన్నాళ్లూ అడుగుతున్నాను,” అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే. “ఒక్కసారి చెప్పరా. నొప్పి ఉందా, లేదా? నేను అబద్ధం చెప్పానా, నిజం చెప్పానా? అదొక్కటీ తెలిస్తే చాలు నాకు.”

వీధిలో ఎవరో షట్టరు ఎత్తారు. కుళాయి చుక్క పడింది, ఇంకో చుక్క పడింది. ఇస్త్రీపెట్టె వేడెక్కి టిక్కుమని ఆరిపోయింది. ఆమె జవాబు రాదనుకుంది. పెట్టె చల్లారడం మొదలైంది.

“ఉంది,” అన్నాడు వాడు.

ఆమె తిరిగి చూసింది.

“ఆడినప్పుడు కాదు. ఆడినప్పుడు ఎన్నడూ లేదు.” వాడు పంట్లాం చేత్తో సాపు చేసుకున్నాడు. “ఆ బెంచీ పొట్టిదమ్మా.”